ఎండుగడ్డి మేస్తే పాలు తగ్గుతాయా?

"పాడి ఆవుకి ఎండుగడ్డి పెట్టకండి. ఎండలో సారమంతా పోతుంది, పాలు తగ్గుతాయి, ఉన్న పాలూ పలచబడతాయి, రంగు మారుతుంది" అని ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఈ నాలుగింట్లో పూర్తిగా నిజమైనది చివరిదొక్కటే.

ముందు సారం సంగతి. పచ్చిగడ్డిలో 75 నుంచి 85 శాతం నీళ్లే. బాగా ఆరిన గడ్డిలో తేమ 15 శాతం లోపు. ఎండకు పోయేది ముఖ్యంగా ఆ నీరే. అందుకే 10 కిలోల పచ్చిగడ్డి ఎండితే సుమారు రెండున్నర కిలోలు అవుతుంది. కిలోకి కిలో పోలిస్తే బలం ఎండుదానిలోనే ఎక్కువ! ఈ మెసేజ్ రాసినవాళ్లు బహుశా గింజ నూర్చాక మిగిలే వరిగడ్డిని చూసి ఉంటారు. దాంట్లో మాంసకృత్తులు 3 నుంచి 5 శాతమే, నిజమే. పూత దశలో కోసి, ఆకు రాలకుండా ఆరబెట్టిన లూసర్న్‌లో (ఇది పప్పుజాతి పశుగ్రాసం) 15 శాతం పైనే ఉంటాయి. రెండిటినీ ఒకే గాట కడితే ఎలా?

పాలు తగ్గడమంటారా, ముదిరిపోయాక కోసిన గడ్డి పెడితే తగ్గుతాయి. పొట్ట నిండుతుంది గానీ శక్తి చాలదు. మేత ఒక్కసారిగా మార్చినా అంతే. ఇంకో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. పాలలో 87 శాతం దాకా నీరే. పచ్చిమేతతో వచ్చే నీళ్లు ఎండుగడ్డితో రావు కాబట్టి ఆవు ఎక్కువ తాగాలి. తొట్టి ఖాళీగా ఉంటే పాలు తగ్గుతాయి, నింద మాత్రం గడ్డి మీద పడుతుంది.

పలచబడతాయన్నది అసలు తిరగేసిన మాట. పొట్టలోని సూక్ష్మజీవులు పీచును పులియబెడితే వచ్చే ఎసిటిక్ ఆమ్లంతోనే పొదుగు వెన్నలో చాలా భాగం తయారుచేసుకుంటుంది. పొడుగు పీచును ఆవు ఎక్కువసేపు నెమరేస్తుంది, లాలాజలం ఊరుతుంది (రోజుకు 100 లీటర్ల పైమాటే), దాంతో పొట్టలో పులుపు అదుపులో ఉంటుంది. దాణా ఎక్కువై, మేత మరీ లేతదైతే వెన్న శాతం పడిపోతుంది. అలాంటప్పుడు ఎండుగడ్డి కలపమనే చెబుతారు.

రంగు మారుతుంది, ఒప్పుకుంటాను. పాలకు పసుపు ఛాయనిచ్చే, ఆవు ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ ఎండకు చాలావరకు నశిస్తుంది, పాలు తెల్లబడతాయి. గేదె పాలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి, ఎవరికీ టెన్షన్ లేదు! కాకపోతే నెలల తరబడి ఎండుమేతే అయితే విటమిన్ ఎ విడిగా అందించాలి.

నిజంగా భయపడాల్సిన బూజు మాటే ఆ మెసేజ్‌లో లేదు. సరిగ్గా ఆరకుండా వామి వేస్తే గడ్డి లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది. విదిలిస్తే బూజు దుమ్ము లేచినా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఆ గడ్డి ఆవుకు వేయకూడదు.