అట్టపెట్టె మీది అంకెగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గరిష్ఠ వేగం గారికి,

నమస్కరించి రాయునది. మీరు క్షేమంగా ఉన్నారని పెట్టె చూస్తేనే తెలుస్తోంది. తయారు చేసినవారి పేరు కంటే మీ అంకే పెద్దగా ఉంది, చుట్టూ మెరుపులు, వెనక నీలికాంతి. ఇక్కడ మేము లోపలి గదిలో, ఆగిపోయిన వీడియో ముందు కూర్చున్నాం. తెర మధ్యలో సున్నా ఒకటి గిరగిరా తిరుగుతోంది. సున్నాలంటే మీకున్న మక్కువ తెలుసు కాబట్టి అదీ మీ తాలూకే అనుకుంటున్నాం.

ముందుగా మీ పుట్టుపూర్వోత్తరాలు. రౌటర్ పెట్టె మీద 'ఏఎక్స్ 3000' అని వెలసిన మిమ్మల్ని చూసి, సెకనుకు 3000 మెగాబిట్లు ఫోనులోకి వచ్చి పడతాయని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. విప్పి చూస్తే మీరు ఒకరు కారు, ఇద్దరు. బ్యాండు అంటే సిగ్నల్ నడిచే రేడియో తరంగాల పట్టీ; 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 2402. కూడితే 2976. మిగతా 24 ఎక్కడివని అడిగే నాథుడు లేడు. మీ ముందు తరంవారైన 'ఏసీ 1200' గారిదీ ఇదే ఆచారం: 300కు 867 కలిపితే వచ్చేది 1167, పెట్టుకున్న పేరు 1200. మీ వంశంలో పైకి సర్దినవారే ఎక్కువ, కిందికి సర్దినవారు బహు అరుదు.

అసలు ఇద్దరినీ కలపడం దేనికో! ఫోను సాధారణంగా ఒక సమయంలో ఒక బ్యాండులోనే మాట్లాడుతుంది. ఒకేసారి రెండింటినీ వాడుకునే ఏర్పాటు వైఫై 7తో గాని రాలేదు. ఆ 2402 కూడా బ్యాండులో 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న పాయ, అంటే ఛానెల్, దొరికితేనే. చాలా ఫోన్లు 80తో సరిపెట్టుకుంటాయి, అంటే 1201. అదీ రౌటర్ ఎదుట చేతులు కట్టుకుని కూర్చుంటే. పైగా గాలిలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు నోరు మూసుకోవాలి; ముందు విని, ఖాళీ ఉంటేనే మాట్లాడాలన్నది వైఫై నియమం. ఆ వినడానికీ, ఆగడానికీ, అందిందని బదులు చెప్పుకోవడానికీ పోగా, చేతికి దక్కేది కాస్త అటూ ఇటూగా సగం.

ఇంతవరకూ గోడ ప్రస్తావన రాలేదు, గమనించారా? మీరు పుట్టిన ప్రయోగశాలలో అది లేకపోవచ్చు, మా ఇళ్లలో మాత్రం తప్పదు. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగం మోసుకొస్తుంది గానీ కాంక్రీటు గోడ, అందులో ఇనుప చువ్వలు ఎదురైతే నీరసపడిపోతుంది. నిలువుటద్దం వెనక పూసిన లోహపు పూత దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. నీళ్లు మింగేస్తాయి. రౌటర్ చూడ్డానికి బాగాలేదని చేపల తొట్టె వెనక దాచినవారిని నేనెరుగుదును. ఆ ఇంట్లో చేపలకు సిగ్నల్ దివ్యంగా అందుతుంది.

2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో మెరుగే, కానీ అక్కడ తిరునాళ్ల రద్దీ. ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోదగిన ఛానెళ్లు 1, 6, 11, అంతే. వాటి కోసం ఇరుగుపొరుగు రౌటర్లన్నీ పోటీ. బ్లూటూత్ ఉండేదీ ఆ బ్యాండులోనే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు అక్కడే, 2.45 దగ్గర. వీడియో కాల్‌లో ఉండగా వంటింట్లో ఎవరైనా ఓవెన్ మీట నొక్కితే, ఇవతల గిన్నె వేడెక్కుతున్నంతసేపూ అవతలి ముఖం గడ్డకట్టి ఉంటుంది.

ఇక ఫోను మీద కనిపించే ఆ నిండు గీతలు. రౌటర్ మాట ఫోనుకు వినబడుతోందనే వాటి అర్థం. బక్కబ్యాటరీతో ఫోను ఇచ్చే జవాబు రౌటర్‌కు చేరుతోందని కాదు, దాని వెనక ఇంటర్నెట్ ఉందని అంతకంటే కాదు.

గోడల అవతలికి సిగ్నల్ అందకపోవడానికి విరుగుడుగా మీ దాయాది ఎక్స్‌టెండర్ గారిని పంపారు. విన్నదాన్ని తిరిగి వినిపించడం ఆయన ఉద్యోగం. ఒకే రేడియోతో వినాలి, దానితోనే చెప్పాలి గనుక వేగం సగానికి పడుతుంది. జనం ఆయన్ని సరిగ్గా సిగ్నల్ అందని మూలలోనే కూర్చోబెడతారు. తనకే వినబడనిది ఆయన ఊరికేం చాటుతారు? రెండు గదుల మధ్య, ఇంకా బాగా వినబడే చోట పెట్టాలన్న ముక్క పెట్టె మీద కాదు, లోపలి కాగితంలో ఎక్కడో ఉంటుంది. ఇంట్లో అక్కడక్కడా పెట్టిన పెట్టెలు కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే మెష్ వ్యవస్థ నయమే. అయితే దాని పెట్టెల మధ్య కేబుల్ వేస్తేనే అసలు సత్తా బయటపడుతుంది. అట్ట మీది బొమ్మలో మాత్రం కేబుల్ కనబడదు, చిరునవ్వులే కనబడతాయి.

ఇప్పుడు మీ మరో అవతారం, పవర్‌లైన్. కరెంటు తీగల్లోనే నెట్‌వర్క్ నడపాలన్న ఆలోచన చక్కనిది, దాన్ని ఎగతాళి చేయను. తీగ గోడలో ఎలాగూ ఉంది, ప్రతి గదికీ వెళ్తుంది. ఒక అడాప్టర్ రౌటర్ పక్కన, మరొకటి అవతలి గదిలో. 50, 60 హెర్ట్జ్ కరెంటు తన మానాన తాను పోతుంటే, దాని మీద మెగాహెర్ట్జ్ స్థాయిలో సమాచారం సవారీ చేస్తుంది. హోమ్‌ప్లగ్ అనే పవర్‌లైన్ ప్రమాణపు 2001 నాటి తొలి రూపంలో మీరు 14 మెగాబిట్లు. ఎంత వినయం! 2005లో 200 అయ్యారు. ఆపైన 500, 600, 1200, 2000. మా గోడలో తీగ మాత్రం తాతలనాటిదే.

600 అని రాసి ఉన్న అడాప్టర్‌ను ఒకసారి తిరగేసి చూడండి. నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే సాకెట్ ఉంటుంది. ఆ తరగతి మోడళ్లలో చాలావాటికి అది 100 మెగాబిట్ల సాకెట్. ఏనుగు పట్టే హాలు కట్టి పిల్లి దూరే గుమ్మం పెట్టినట్టు. మరి ఆ 600 ఏమిటంటే, రెండు అడాప్టర్ల చిప్పుల మధ్య, రానూ పోనూ కలిపి, తప్పులు దిద్దుకునే అదనపు బిట్లతో సహా వేసిన లెక్క. అందులో మూడో వంతు నిజంగా చేతికందే తీగలున్న ఇంటికి నేను దండం పెడతాను.

మీ మీద నమ్మకంతో దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించేవారి సంగతి చెప్పనా? అందులో వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే కాచే సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే చాలాసార్లు దానితోపాటు ఒక ఫిల్టరూ ఉంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వచ్చేదల్లా చెత్త కింద లెక్కగట్టి వడకట్టడమే దాని పని. మీరు ఆ చెత్తలోకే వస్తారు. నేరుగా గోడ సాకెట్‌లో పెడితే బతుకుతారు, కానీ పక్క సాకెట్‌లో నాసిరకం ఛార్జర్ ఉంటే దాని గోల మొత్తం మీ చెవిలోనే. అడాప్టర్ మీది చిన్న దీపం పచ్చగా ఉంటుంది. పక్కగదిలో వ్యాక్యూమ్ క్లీనర్ మొదలవుతుంది, మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు. దీపం నారింజ రంగుకు దిగి, ఎరుపెక్కుతుంది. క్లీనర్ ఆగాక కాసేపు తటపటాయించి మళ్లీ పచ్చబడుతుంది. ఈ దీపం మీ కంటే నిజాయితీపరురాలు.

గదులు పక్కపక్కనే ఉన్నాయన్న ధైర్యం కూడా వద్దు. సమాచారం అడుగుల్లో కాదు, తీగ దారిలో నడుస్తుంది: ఈ గది నుంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డు దాకా, అక్కడి నుంచి ఆ గదికి. మూడు ఫేజుల ఇల్లయి, రెండు గదులూ వేర్వేరు ఫేజుల మీద ఉంటే దాటడం దైవాధీనం. ఇవన్నీ కలిసొచ్చిన ఇంట్లో మాత్రం, మందపాటి గోడల మధ్య వైఫై చేతులెత్తేసిన చోట పవర్‌లైన్ నిలకడగా పనిచేస్తుంది. టీవీకి, ప్రింటర్‌కు ధారాళంగా సరిపోతుంది. అన్నట్టు, ఈ అడాప్టర్లు చాలావరకు ఒకే రహస్య సంకేతపు తాళంతో ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. జతకలిపే బటన్ నొక్కి సొంత తాళం వేసుకోకపోతే, తీగలు పంచుకున్న పొరుగువారి అడాప్టర్ మీ ఇంటి నెట్‌వర్క్‌లో చేరవచ్చు.

మీ బంధుగణంలో నాకు ఫిర్యాదు లేనివారు ఒక్కరే: ఈథర్నెట్ కేబుల్ గారి 1000. 1973లో జిరాక్స్ వారి పరిశోధన కేంద్రంలో మొదలైన వంశం. క్యాట్ 5ఈ రకం కేబుల్‌లో నాలుగు జతల తీగలు, బయటి గోల సోకకుండా మెలివేసి ఉంటాయి. 100 మీటర్ల దాకా 1000 అంటుంది, ఫైలు కాపీ చేస్తే 940 దాకా ఇస్తుంది. తగ్గిన 60కి కూడా లెక్క ఉంది: ప్రతి పొట్లానికీ చిరునామా రాసుకోవాలి కదా, దాని ఖర్చు. వ్యాక్యూమ్ క్లీనర్ మొరిగినా, పొరుగింట కొత్త రౌటర్ వచ్చినా చలించదు. దాని పెట్టె మీద మెరుపులుండవు. అసలు చాలాసార్లు పెట్టే ఉండదు. పాపం, దానికి కావలసిందల్లా గోడకు ఒక చిల్లు. ఆ చిల్లుకు ఇంటి యజమాని ఒప్పుకోరు, ఒప్పుకున్నా గుమ్మం అంచున పాకే తీగను ఇంట్లోవారు భరించరు. టీవీ కోసం వేసిన కోయాక్సియల్ తీగ గోడల్లో ఖాళీగా పడి ఉన్న అదృష్టవంతులైతే ఆ తీగలోనే నెట్‌వర్క్ నడిపే మోకా అడాప్టర్లు వాడుకోవచ్చు. ఆ తీగకు కవచం ఉంటుంది గనుక అక్కడ మీ మాట కొంత నిలుస్తుంది.

వైఫై 7లో సిద్ధాంతరీత్యా 46 గిగాబిట్ల దాకా ఎదిగారని విన్నాం, అభినందనలు. బయటి నుంచి ఇంటికొచ్చే కనెక్షన్ 100 మెగాబిట్లదైతే మీరు ఎంత ఎదిగినా ఇంటర్నెట్ అంతకు మించి రాదని పెట్టె మీద ఓ మూల వేయించగలరా? దానితోపాటు మీ పక్కనే మరో అంకె. రెండు కాంక్రీటు గోడల అవతల, తలుపు మూసి, పక్క సాకెట్‌లో ఛార్జర్ ఉంచి, ఇంట్లోని ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైలు పంపి కొలిచింది. అక్షరాలు మీ అంత పెద్దవి కానక్కర్లేదు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

తా.క.: మీ భుజాన వేలాడే ఆ చిన్న నక్షత్రం గుర్తు గారిని అడిగానని చెప్పండి. ఆయన చెప్పేది చదవడానికి భూతద్దం వెతుకుతున్నాం.