నేల కింద లెక్క తేలాకే రిజిస్ట్రేషన్

జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో పాత షెడ్డు ఒకటి అమ్మకానికి వస్తే కొనేవారి తరఫు న్యాయవాది ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు వరుసగా పేర్చి, పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ మొదట ప్లాటు కేటాయించిన నాటి నుంచి ప్రతి సంతకాన్నీ సరిచూస్తారు. ఆస్తిపన్ను, కరెంటు బకాయి, బ్యాంకు తనఖా, కార్మికులకు చెల్లించవలసిన భవిష్యనిధి సొమ్ము వరకు ఆరా తీస్తారు. సర్వేయరు వచ్చి హద్దులు తేల్చి వెళతారు. ఇంత జాగ్రత్త పడేవారు కూడా ఆ షెడ్డులో ఇన్నేళ్లూ ఏం తయారైందో, అందుకు వాడిన ద్రావకాలు, ఆమ్లాలు, లోహపు మడ్డి చివరికి ఎక్కడికి చేరాయో అడగరు. అడగాలని చట్టం చెప్పదు, అడగనందుకు రిజిస్ట్రేషన్ ఆగదు.

ఇప్పుడీ ప్రశ్న ఒకరిద్దరు కొనుగోలుదారుల వ్యవహారం కాదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన హైదరాబాద్ ఇండస్ట్రియల్ ల్యాండ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ పాలసీ, ఔటర్ రింగు రోడ్డు లోపలా దాని అంచునా ఉన్న 22 పారిశ్రామికవాడల్లోని దాదాపు 9,292 ఎకరాలను నివాస, వాణిజ్య, కార్యాలయ అవసరాలకు మార్చుకునే వీలు కల్పించింది. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో రుసుము కడితే భూ వినియోగం మారుతుంది. కాలుష్య పరిశ్రమలు నగరం నడిబొడ్డు నుంచి బయటికి పోవాలన్న లక్ష్యంతో మాకు పేచీ లేదు. అయితే శాసనసభ లోపలా బయటా సాగిన వాదోపవాదాలు ఎక్కువగా గజం ధర చుట్టూనే తిరిగాయి. ఆ భూములను చౌకగా ధారాదత్తం చేస్తున్నారా లేదా అన్నది తప్పక తేలవలసిన విషయమే. కానీ దశాబ్దాలపాటు రసాయనాలు, బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు), ఎలక్ట్రోప్లేటింగ్, రంగులు, బ్యాటరీల తయారీ సాగిన నేల మీద రేపు పిల్లలు ఆడుకుంటారన్న సంగతికి ఆ చర్చలో దక్కిన చోటు చాలా తక్కువ.

అమెరికా ఈ ప్రశ్నను అడగడం నేర్చుకున్నది ఒక దుర్ఘటన తర్వాతే. న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో హుకర్ కెమికల్ సంస్థ లవ్ కెనాల్ అనే పాత కాలువ గోతిలో సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒకే ఒక్క డాలరుకు స్థానిక పాఠశాలల బోర్డుకు రాసిచ్చింది. వ్యర్థాలు పూడ్చిన మాటా, ఇకమీదట కలిగే హానికి తమ పూచీ లేదన్న షరతూ ఆ దస్తావేజులోనే ఉన్నాయి. అయినా అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. పాతికేళ్లు తిరిగేసరికి నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరి, 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర స్థితి ప్రకటించవలసి వచ్చింది. దాని పర్యవసానంగా 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం, కాలుష్యం ఎవరు చేసినా ప్రస్తుత యజమాని కూడా శుద్ధి ఖర్చుకు బాధ్యుడేనని తేల్చింది. కొనేముందు తగినంత విచారణ చేసినవారికి మినహాయింపునిస్తూ 1986లోను, 2002లోను ఆ చట్టాన్ని సవరించారు. ఆ విచారణ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు 2006 నవంబరులో అమలులోకి వచ్చాయి. వాణిజ్య భూముల లావాదేవీల్లో ఫేజ్-1, ఫేజ్-2 అని వినిపించే పర్యావరణ స్థల మదింపు ఈ క్రమంలో స్థిరపడింది. అక్కడి వ్యాపారులకు, బ్యాంకులకు ప్రకృతి మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. అడగకుండా కొంటే అప్పు తమ మెడకు చుట్టుకుంటుందన్న భయమే వారిచేత అడిగించింది. ఆ భయాన్ని పుట్టించే నిబంధన మన దగ్గర లేకపోవడమే అసలు లోపం.

ఫేజ్-1 మదింపులో తట్టెడు మట్టి కూడా తవ్వరు. ఆ స్థలం తొలిసారి నిర్మాణానికి వాడుకలోకి వచ్చిన నాటి నుంచి ఎవరెవరి చేతులు మారిందో, ఒక్కొక్కరు ఏం చేశారో పాత పటాలు, ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాలు, నియంత్రణ సంస్థల దస్త్రాల ఆధారంగా తిరగతోడతారు. అనుభవం ఉన్న నిపుణుడు స్థలమంతా కాలినడకన తిరుగుతాడు. గచ్చు మీద మరకలు, ఎక్కడికి పోతుందో తెలియని కాలువ, బయటికి కనబడకుండా పాతిన డీజిల్ ట్యాంకు గాలిగొట్టం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర నూనె ఇంకిన నేల, గడ్డి మొలవని జాగా, ఇవన్నీ ఆయన రాసుకుంటాడు. పాత యజమానితోను, అక్కడ పనిచేసినవారితోను, ఇరుగుపొరుగుతోను మాట్లాడతాడు. అనుమానానికి తావుందని తేలితే ఫేజ్-2లో బోర్లు వేసి మట్టి, భూగర్భజలం, అవసరమైతే మట్టిలోని ఆవిరి నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపుతారు. తనిఖీ, ముఖాముఖి వంటి కీలక భాగాలకు 180 రోజులు దాటితే వాటిని మళ్లీ చేయవలసిందే. 2024లో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండు రసాయనాలను అక్కడి పర్యావరణ సంస్థ ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చాక ఆ విచారణ పరిధి మరింత పెరిగింది.

హైదరాబాద్ నేలకు ఈ పరీక్ష మరీ అవసరం. ఇక్కడ పైన మొరం, కింద పగుళ్లు పట్టిన గ్రానైటు రాయి. ఔషధ పరిశ్రమలు విరివిగా వాడే డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ వంటి ద్రావకాలు నీటికన్నా బరువైనవి గనుక నేలలో ఒలికితే భూగర్భజలం మీద తేలవు, అడుగుకు దిగి రాతి పగుళ్లలో మకాం వేస్తాయి. అక్కడి నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీటిలో కలుస్తూనే ఉంటాయి. ఒక బోరులో జాడ దొరకకపోవచ్చు, ఇరవై అడుగుల అవతలి బోరులో దొరకవచ్చు. లోహాల తీరు వేరు, అవి చాలావరకు పైమట్టినే అంటిపెట్టుకుని ఉంటాయి. కాటేదాన్, పటాన్‌చెరు నేలల్లో క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం, జింక్ వంటివి సహజ స్థాయిని మించి పేరుకున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏనాడో అధ్యయనాలు ప్రచురించారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు ఇచ్చిన కాలుష్య సూచీలో పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ 70 మార్కులు దాటి అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాకు ఎక్కాయి. ప్రభుత్వానికి తెలియని సంగతులు కావివి.

ఇలాంటి చోట ముప్పై నలభై అంతస్తుల భవనం లేవాలంటే ముందు మూడు నాలుగు సెల్లార్లు తవ్వాలి. తవ్విన మట్టి రాత్రిపూట టిప్పర్లలో పోయి మరెక్కడో పల్లపు ప్లాటును చదును చేస్తుంది. అంటే జీడిమెట్ల మట్టి మోసుకెళ్లిన విషం, పరిశ్రమ పొగ ఏనాడూ చూడని కాలనీలో పెరటి నేల అవుతుంది. గోతిలో ఊరే నీటిని మోటార్లు పెట్టి నాలాలోకి తోడేస్తారు. ఆవిరయ్యే ద్రావకాలు అడుగున మిగిలి ఉంటే, కట్టడం పూర్తయ్యాక వాటి వాయువులు గచ్చు బీటల గుండా సెల్లార్లలోకి పాకుతాయి. మదింపు లేకుండా తవ్వకం మొదలుపెట్టడమంటే ఒకచోట ఉన్న ముప్పును నాలుగు చోట్లకు పంచిపెట్టడమే.

మన చట్టాలు ఈ విషయంలో చుట్టూ తిరుగుతాయి తప్ప నేల దగ్గరికి రావు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవారు తమకు తెలిసిన, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పితీరాలి. కానీ తనకే తెలియదని అమ్మేవారు అంటే చేయగలిగింది స్వల్పం, పరీక్ష చేయించనంతకాలం ఎవరికీ తెలియదు కూడా. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం యాజమాన్య హక్కులో లోపానికి పరిహారం ఇప్పిస్తుంది, నిర్మాణ లోపానికి ఐదేళ్ల పూచీ పెడుతుంది. భవనం నిలబడిన నేల ఆరోగ్యం గురించి విడిగా ఒక్క మాట చెప్పదు. 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. అది ప్రధానంగా కట్టబోయే భవనం పరిసరాలకు ఏం చేస్తుందని అడుగుతుంది, ఆ పరిసరాల్లో ఇప్పటికే పాతుకున్నది భవనంలోని మనుషులకు ఏం చేస్తుందని కాదు.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేయడం ఆలస్యంగానైనా పడిన మంచి అడుగు. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాలను నివేదించాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తొంభై రోజుల్లో ప్రాథమిక మదింపు, ఆపై మరో తొంభై రోజుల్లో సమగ్ర సర్వే పూర్తిచేయించాలి, బాధ్యులెవరో తేల్చి ఖర్చు రాబట్టాలి. దేశమంతటా 103 కలుషిత స్థలాలను గుర్తించగా అప్పటికి శుద్ధి మొదలైంది ఏడింటిలోనే. ఈ నిబంధనలకు ఉన్న పరిమితి స్పష్టం: ఎవరికో అనుమానం వస్తేనే ప్రక్రియ కదులుతుంది, భూమి చేతులు మారుతున్నందుకో వినియోగం మారుతున్నందుకో కదలదు. అనర్థం జరిగాక బాధ్యులను వెంటాడటం ఎంత కష్టమో రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం చూసింది. కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పినా, 2011లో కూడా అదే సొమ్ము వడ్డీతో కట్టమని మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

చైనా ఎంచుకున్న దారి మన అవసరానికి దగ్గరగా ఉంది. 2016లో చాంగ్‌జౌ నగరంలో పాత రసాయన కర్మాగారాల స్థలం పక్కనే కట్టిన కొత్త బడిలో వందలమంది విద్యార్థులు అస్వస్థులైన ఉదంతం ఆ దేశాన్ని కుదిపేసింది. 2019 జనవరి 1 నుంచి అమలైన నేల కాలుష్య నివారణ చట్టం, ఏ భూమినైనా నివాసానికో బడులు, ఆసుపత్రుల వంటి ప్రజావసరాలకో మార్చేముందు నేల సర్వే జరిగితీరాలని నిర్దేశించింది. అంటే అక్కడ విచారణను మొదలుపెట్టేది అనుమానం కాదు, భూ వినియోగ మార్పు. హైదరాబాద్‌లో ప్రభుత్వం తలపెట్టింది సరిగ్గా ఆ మార్పునే.

ఖర్చు, జాప్యం అన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఫేజ్-1 కొద్ది వారాల పని, ఎకరం కోట్లు పలికే చోట దాని ఖర్చు లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లో కార్యాలయ భవనాలు కొనే విదేశీ పెట్టుబడి సంస్థలు ఈ నివేదిక చేతికి రాకుండా సొమ్ము విడుదల చేయకపోవడం ఇక్కడి స్థిరాస్తి వర్గాలకు కొత్త కాదు. వేల కోట్ల నిధికి ఉన్న ఆ రక్షణ, జీవితకాలపు అప్పుతో రెండు పడకగదుల ఫ్లాటు కొనే కుటుంబానికి లేకపోవడం మాకు సమ్మతం కాదు. చిన్న పరిశ్రమల యజమానుల ఆందోళన మాత్రం న్యాయమైనదే. ముగ్గురు నలుగురి చేతులు మారాక ప్లాటు కొని, అక్కడ తాను చిన్న వర్క్‌షాపు మాత్రమే నడిపిన మనిషి మీద, ఎప్పుడో మూతపడిన ప్లేటింగ్ యూనిట్ పాపాన్ని మోపడం సబబు కాదు. అందుకు దారి ఉంది. భూ వినియోగ మార్పు రుసుములో కొంత భాగాన్ని విడి ఖాతాలో ఉంచి, మదింపు ఖర్చునూ, బాధ్యులు దొరకని స్థలాల శుద్ధి ఖర్చునూ దాని నుంచి భరించవచ్చు. ఖజానాకు వచ్చే రాబడి ఆ నేల నుంచి వచ్చిందే గనుక ముందుగా ఆ నేలకే ఖర్చుపెట్టడం ధర్మం.

కాబట్టి ప్రభుత్వం మార్గదర్శకాలను సవరించి, వినియోగ మార్పు కోరే ప్రతి ప్లాటుకూ ఫేజ్-1 నివేదికను, రెడ్ కేటగిరీ (అత్యధికంగా కాలుష్యం చేసేదిగా వర్గీకరించిన) పరిశ్రమ నడిచిన ప్రతిచోటా ఫేజ్-2 నమూనా ఫలితాలను తప్పనిసరి చేయాలి. మదింపు చేసే నిపుణుడిని ఎంపిక చేసే అధికారం అమ్మేవారికీ బిల్డరుకూ ఉండకూడదు. కాలుష్య నియంత్రణ మండలి ప్యానెల్ నుంచి కేటాయించాలి, లేకపోతే మరకల మీద కొత్త గచ్చు పోసి తెచ్చే ధ్రువపత్రాలే మిగులుతాయి. నివేదిక మొత్తం ప్రజలకు అందుబాటులో ఉండాలి, దాని సారాంశం విక్రయ దస్తావేజుకు జతకావాలి, రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కింద కనబడాలి. శుద్ధి పూర్తయినట్లు మండలి ధ్రువీకరించేదాకా సెల్లారు తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు, తవ్విన మట్టి ఏ వాహనంలో ఎక్కడికి పోయిందో నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా విశాఖ పరిసరాల్లో మూతపడిన పరిశ్రమల భూములు మరో వాడుకకు మారకముందే ఇదే నిబంధన తెస్తే మేలు.

వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, దానికి సవరణలూ అవసరం లేదు. సనత్‌నగర్‌లోని మండలి కార్యాలయంలో ఈ 22 పారిశ్రామికవాడల సమ్మతి పత్రాలు, ప్రమాదకర వ్యర్థాల అనుమతులు, తనిఖీ నివేదికలు కాగితాల రూపంలో ఎన్ని మిగిలి ఉంటే అన్నిటినీ ప్లాటు నంబరు వారీగా కంప్యూటర్లకు ఎక్కించాలి. ఆ ఫ్యాక్టరీల్లో బాయిలర్ దగ్గర, వ్యర్థజలాల (ఎఫ్లుయెంట్) ట్యాంకు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికులు పరిశ్రమల తరలింపుతో సొంత ఊళ్లకో కొత్త వాడలకో చెదిరిపోకముందే వారి వాంగ్మూలాలు నమోదు చేయాలి. ఏ గోడ పక్కన డ్రమ్ములు పాతారో, ఏ రాత్రి ఏ బోరులోకి పైపు దించారో ఏ దస్త్రంలోనూ ఉండదు, అది తెలిసినవారు వాళ్లే.