బొమ్మల పిచ్చి: తల్లిదండ్రులకు తక్షణ సూచనలు

సమాజ శ్రేయస్సు దృష్ట్యా ఈ వ్యాసం రాయక తప్పడం లేదు. కొన్ని ఇళ్లలో పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చాక కూడా బొమ్మలు గీస్తున్నారని తెలిసింది. ఐదో తరగతి దాకా గీస్తే ముచ్చటే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఓ పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. చుట్టాలొస్తే చూపించుకోవచ్చు, ఫ్రిజ్ మీద అంటించుకోవచ్చు. కానీ ఐఐటీ ఫౌండేషన్ మొదలయ్యాక కూడా పిల్లవాడు ఫిజిక్స్ నోట్సు చివరి పేజీలో సారు ముక్కు గీస్తున్నాడంటే, పైగా అది అచ్చం సారు ముక్కులాగే ఉందంటే, ఇక ఉపేక్షించకూడదు.

ఈ జబ్బు ముందుగా రికార్డు బుక్కుల దగ్గర బయటపడుతుంది. క్లాసు మొత్తానికీ కప్ప జీర్ణవ్యవస్థ, మందారపువ్వు నిలువుకోత ఒక్కడి చేతి మీదుగానే పూర్తవుతాయి. మార్కులు రికార్డు యజమానికి వెళ్తాయి. గీసినవాడికి మాత్రం ‘చదవడు గానీ బొమ్మలు బాగా వేస్తాడు’ అనే బిరుదు దక్కుతుంది. అది జీవితాంతం వదలదు. మన బడులు ఈ విషయంలో చేస్తున్న కృషిని మెచ్చుకోవాలి. టైంటేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది, అందులోకి సిలబస్ వెనకబడ్డ లెక్కల మాస్టారు వస్తారు. డ్రాయింగ్ మాస్టారు అదే సమయంలో పంద్రాగస్టు కోసం బోర్డు మీద గాంధీగారి కళ్లజోడు దిద్దుతూ ఉంటారు.

ఇంత కట్టుదిట్టం లేని రోజుల్లో ఎంత అనర్థం జరిగిందో చూడండి. 1897లో రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే పిల్లవాడు పుట్టాడు. బొమ్మలు వేసేవాడు. అప్పట్లో అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర. బాధ్యత గల పదవిలో ఉన్న మనిషి. కుర్రాడి పెద్దవాళ్లని పిలిపించి ‘మీవాడు చెయ్యి దాటిపోతున్నాడండీ’ అని చెప్పాల్సింది పోయి, సొంత డబ్బు పెట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. (ఈ రోజుల్లో ఏ కార్పొరేట్ కాలేజీ ప్రిన్సిపాల్ అయినా విద్యార్థి మీద సొంత డబ్బు పెట్టారని వింటే దయచేసి నాకు చెప్పండి, శాలువా కప్పిస్తాను.)

చదువయ్యాక కుర్రాడు బొంబాయిలోనే స్థిరపడి ఉంటే మన ఊళ్లు బతికిపోయేవి. అలా కాకుండా తిరిగొచ్చి, 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. అంటే జబ్బు పదిమందికీ అంటించడం మొదలుపెట్టాడన్నమాట. ఇంట్లో భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1925 ఫిబ్రవరిలో ఆయన మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. కనీసం అప్పుడైనా ఊరు తేరుకోవాల్సింది. శిష్యుడు వరదా వెంకటరత్నం ఆ పని వదల్లేదు. రామారావు బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. వందేళ్లు దాటినా వాటిలో ఒక్కటీ ఉద్యోగంలో చేరలేదు. ‘ఆయన ప్యాకేజీ ఎంతండీ?’ అని అడిగి చూడండి, అక్కడ ఎవరూ సమాధానం చెప్పలేరు.

పిచ్చి మరీ ముదిరినవాళ్లకి నా దగ్గర ఒక మధ్యేమార్గం ఉంది. అదే కూల్డ్రే దొర శిష్యుడైన అడివి బాపిరాజు గారు బి.ఎల్. చదివారు. బాపు గారు మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. కాబట్టి తెలుగువాడెవడైనా కుంచె పట్టాలంటే ముందు ప్లీడరీ పాసవ్వాలని ఒక చట్టం తెస్తే సరి. ప్రాక్టీసు పెట్టకపోయినా ఫరవాలేదు, పెళ్లిసంబంధాల వాళ్లకి చెప్పుకోవడానికి ఒక డిగ్రీ ఉంటుంది. మనవాళ్లకి అమ్మాయి బాపు బొమ్మలా ఉండాలి. అబ్బాయి మాత్రం బాపులా బొమ్మలేసుకునేవాడు కాకూడదు.

మనకి బొమ్మలంటే పడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రతి దేవుడి గదిలోనూ ఉన్నాయి కదా! తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మీదేవిని మనం ఇవాళ ఏ రూపంలో తలుచుకుంటున్నామో, అందులో రాజా రవివర్మ చెయ్యి చాలానే ఉంది. 1894లో ఆయన బొంబాయి దగ్గర లితో ప్రెస్సు పెట్టి దేవుళ్లని అచ్చేసి ఇంటింటికీ పంపాడు. శుక్రవారం శుక్రవారం ఆ పటం ముందు దీపం పెట్టి, మావాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావాలని, వాడి చేతిలోంచి ఆ స్కెచ్ బుక్కు ఎలాగైనా జారిపోవాలని మొక్కుకుంటున్నాం. రవివర్మ మాత్రం అప్పుల బాధ పడలేక ఆ ప్రెస్సుని తన దగ్గర పనిచేసే జర్మన్ టెక్నీషియన్‌కి అమ్మేసుకున్నాడు. ఇంతమంది ఇళ్లకి లక్ష్మిని పంపినవాడి ప్రెస్సులో లక్ష్మి నిలవలేదు.

అయినా నేను మొండివాణ్ని కాను, లెక్క చూపిస్తే వింటాను. మన దగ్గర విలువకి ఒకటే కొలత, చదరపు అడుగు. 2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ 1954లో వేసిన ‘గ్రామ్ యాత్ర’ సుమారు 118 కోట్ల రూపాయలకు పోయింది. పొడవు దాదాపు 14 అడుగులు, ఎత్తు 3 అడుగుల లోపు. నలభై చదరపు అడుగులు వేసుకోండి. అడుగుకి దగ్గర దగ్గర 3 కోట్లు! 2023లో హైదరాబాద్ శివారు కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికితే మనవాళ్లంతా నోరెళ్లబెట్టారు. ఆ రేటుకి ఈ గుడ్డ ముక్క అమ్మి ఎకరం కొనుక్కుని, మిగతా 17 కోట్లతో ప్రహరీ గోడ కట్టించుకోవచ్చు. చెరువు కబ్జా అంటూ హైడ్రా వాళ్లొచ్చి కూల్చేస్తారన్న భయం కూడా బొమ్మకి లేదు.

కుర్రతనంలో సినిమా హోర్డింగులకు రంగులేసి పొట్టపోసుకున్న మనిషి ఆ హుసేన్. ఈ బొమ్మని అప్పట్లోనే కొన్న ఒక డాక్టరు నార్వే పట్టుకెళ్లాడు. తర్వాత అది ఓస్లోలో ఆసుపత్రికి చేరి దశాబ్దాల పాటు గోడ మీద ఉండిపోయింది. ఆ దారిన పోయేవాళ్లు అడుగు రేటు తెలియక ఊరికే బొమ్మని చూసి వెళ్లిపోయారు పాపం. 118 కోట్లు పలికేనాటికి హుసేన్ పోయి పద్నాలుగేళ్లు కావస్తోంది. కాబట్టి పిల్లలకి నిజం దాచకుండా చెప్పండి: బాబూ, రేటు రావచ్చు, కాకపోతే అది నువ్వు పోయాక వస్తుంది, అదీ నీ దగ్గర కొన్నవాడికి వస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, దీనివల్ల ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. గీసే అలవాటున్నవాడికి చూడటం అలవాటవుతుంది. మనమందరం గేదెని ఒక్క క్షణం చూసి ‘గేదె’ అనుకుని ముందుకెళ్లిపోతాం. వీడు అరగంట నిలబడతాడు. దాని వీపు మీద ఎండ పడ్డచోట నల్లగా లేదని, నీలంగా ఉందని అంటాడు. అమ్మ చేతులు గీయాలని కూర్చుని, ఆ వేళ్ల మీద కాలిన మచ్చలున్నాయని మొదటిసారి గమనిస్తాడు. ఇన్నేళ్లూ అవి ఎవరికీ కనబడలేదు, ఇల్లు ప్రశాంతంగానే ఉంది. ఇప్పుడు వంటింట్లోకి వెళ్లి సాయం చేస్తానంటాడు. మరుసటి వారం కూడలిలో నాయకుడి ఫ్లెక్సీ ముందు ఆగి, నోరు నవ్వుతోంది గానీ కళ్లు నవ్వడం లేదంటాడు. ఇలాంటివాళ్లు ఊరికి పదిమంది తయారైతే ఎన్నికలు ఎలా జరుపుకోవాలి?

అదృష్టవశాత్తూ పరిస్థితి చెయ్యి దాటలేదు. ఫైన్ ఆర్ట్స్‌కి కూడా ఫాడీ అని ఒక ఎంట్రన్సు ఉందని హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ పరిసరాల్లో తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. దాని ర్యాంకులతో టీవీలో ‘ఒకటి, ఒకటి, ఒకటి’ అని అరిచే ప్రకటన రాలేదు. షాపుల బోర్డులు చేత్తో రాసి కింద మూలన తన పేరు పక్కన ‘ఆర్ట్స్’ అని రాసుకునేవాళ్లని ఫ్లెక్సీ మిషన్లు ఎప్పుడో ఇంటికి పంపాయి. మిగిలిన కొద్దిమంది సంగతి ఇప్పుడు ఫోన్లు చూసుకుంటాయి.

చివరగా ఒక చిన్న విన్నపం. ఈ వ్యాసం పైన వేయడానికి మంచి బొమ్మ ఒకటి కావాలి. ఫోన్లో చేయించి చూశాను, తండ్రికి ఆరు వేళ్లు వచ్చాయి, కొడుకు ముఖంలో ప్రాణం లేదు. చెయ్యి తిరిగినవాళ్లెవరైనా రేపు సాయంత్రంలోగా వేసి పంపగలరు. మీకు అయిదు నిమిషాల పని. కింద మీ పేరు తప్పకుండా వేస్తాం, చోటు మిగిలితే. పారితోషికం సంగతి మాత్రం ఎత్తకండి. కళకి వెల కట్టేంతటివాళ్లమా మేము?