ఫ్లైట్ దొరకలేదు

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. పంచాంగ శ్రవణం ఎప్పుడో అయిపోయింది. పిల్లల డాన్సులు ఇంకా నాలుగు మిగిలున్నాయి. బయట కెఫెటీరియాలో భోజనాల లైను మొదలైంది. కథల పోటీ జడ్జీల తరఫున నన్ను స్టేజి మీదకి పిలిచి, మైకు చేతికిస్తూ, "టైమ్ లేదు మేడమ్, ఫస్ట్ ప్రైజ్ కథేమిటో ఒక్క ముక్కలో చెప్పేయండి" అన్నారు. ఆ కథ రాసిన అబ్బాయి కొత్త శాలువాతో నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఒక్క ముక్కలోనే చెప్పాను. "అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ వస్తుంది. నాన్న పోయారు. ఫ్లైట్ దొరక్క కొడుకు సమయానికి వెళ్ళలేకపోతాడు."

"మళ్ళీ అదేనా?" అన్నారు హాల్లోంచి ఎవరో, గట్టిగానే. చాలామంది నవ్వారు.

నవ్వినవాళ్ళని తప్పుపట్టలేను. ఫిబ్రవరి నెలంతా నేనూ ఆ మాటే అనుకున్నాను. కానీ ఆ నవ్వు వినగానే అబ్బాయి శాలువా తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు. అంచుకి అంచు కలిపి, జాగ్రత్తగా, స్టేజి మీదే. అది నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

పోటీకి ఈసారి 43 కథలు వచ్చాయి. స్క్రీన్ మీద కథ చదవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. అందుకని అన్నీ ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ వచ్చేలోగా ఒకటి. భోజనాలయ్యాక ఇంకొకటి. బయట మంచు. నిజానికి ఇలాంటి ఫిబ్రవరి కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషిని నేను. వారపత్రికల సీరియళ్ళు చదివాను, డిటెక్టివ్ నవలలు చదివాను. కానీ అమెరికా తెలుగు కథ నాది అనిపించినంతగా ఇంకేదీ అనిపించలేదు.

1996లో హెచ్-4 మీద, అంటే ఆయన ఉద్యోగ వీసాకి డిపెండెంట్‌గా వచ్చాను. కారు నడపడం రాదు. ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఏడింటికి వచ్చేవారు. మాట్లాడే దిక్కు లేదు. అప్పుడు మన సంఘంలోనే ముందుతరం ఆవిడ ఒకరు పాత సావనీర్లు, అదే, వేడుకలకి అచ్చువేసే సంచికలు, అట్టపెట్టె నిండా తెచ్చి ఇచ్చారు. ప్రకటనల మధ్య, శుభాకాంక్షల మధ్య, కార్యవర్గం ఫొటోల మధ్య రెండేసి మూడేసి కథలు ఉండేవి. తర్వాత ఇంటర్నెట్‌లో తెలుగు న్యూస్‌గ్రూపు దొరికింది. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు లిపి అందరికీ కనబడేది కాదు. రైస్ యూనివర్సిటీ పేరు మీద ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఉండేది, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకోవడం. పెద్ద ఎల్ అంటే ళ, పెద్ద ఎన్ అంటే ణ. అలా కూడబలుక్కుంటూ చదివి, పారతో మంచు తొయ్యడం చేతకాక వాకిట్లో కూర్చుని ఏడ్చిన ఎవరో కోడలి కథకి నేనూ ఏడ్చాను. నా బతుకు రాసేవాళ్ళు ఉన్నారన్న ధైర్యం అది. ఆ రెండేళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ కథలే.

అలాంటిది ఈ ఫిబ్రవరి పదో తారీకు వచ్చేసరికి పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు.

43 కథల్లో 17 ఫోన్ మోగడంతో, నాన్న పోయారన్న కబురుతో మొదలయ్యాయి. తొమ్మిదింటిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఒంటరి అమ్మానాన్నలు, ఆదివారం వీడియో కాల్ కోసం ఎదురుచూపులు. ఆరింటిలో ఊళ్ళో పాత ఇల్లు అమ్మకం, పెరట్లో మామిడిచెట్టు. నాలుగింటిలో అమ్మాయి అమెరికన్ అబ్బాయిని చేసుకుంటానంటుంది, చివర్లో అతను పంచె కట్టుకుని పెద్దల కాళ్ళకి దండం పెట్టగానే అందరూ ఒప్పుకుంటారు. రాసినవాళ్ళకి తెలుగు రాదని కాదు. కొందరి వాక్యం నాకంటే బాగుంది. నా దిగులు వేరు. తండ్రి చితి గురించి 17 సార్లు చదివి ఒక్కసారీ నా కన్ను తడవలేదు. ఫోన్‌లోనే నాన్నని పోగొట్టుకున్నదాన్ని నేను. నాలోనే ఏదో ఎండిపోయిందేమోనని భయం వేసింది. ఆ కాగితాలన్నీ తీసుకెళ్ళి గెస్ట్ రూములో పెట్టి తలుపేశాను. నాలుగు రోజులు ఆ గదివైపు వెళ్ళలేదు.

మిగిలిన ఏడింటిలో ఒకటి మాత్రం మరిచిపోలేకపోతున్నాను. కూతురి పురుటికని ఆరు నెలలు ఉండడానికి వచ్చిన తల్లి కథ. చీర మీద స్వెట్టర్, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. కూతురూ అల్లుడూ ఆఫీసుల్లో ఉంటారు, పసిపిల్ల నిద్రపోతుంటుంది. గురువారం చెత్తబండి వస్తుంది. డబ్బాని రోడ్డు అంచుకి తోసే పని ఆవిడే అడిగి తీసుకుంది. బండి డబ్బాని ఎత్తుకుంటుంటే లోపలినుంచి డ్రైవరు చెయ్యి ఊపుతాడు. ఈ దేశంలో ఆవిడని ఎవరి తల్లిగానో, ఎవరి అమ్మమ్మగానో కాకుండా ఆవిడగా పలకరించే మనిషి అతనొక్కడే. తిరుగు ప్రయాణం వారం, డబ్బాలో ఏమీ లేకపోయినా, వానలో దాన్ని తోసుకెళ్ళి పక్కన నిలబడుతుంది. కథ అంతే. అచ్చుతప్పులున్నాయి, ముగింపు తొందరగా ఉంది. కానీ ఆ నెలలో నేను లేచి మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి చదివింది అదొక్కటే.

దానికి ఏ బహుమతీ రాలేదు. మన పోటీ ప్రకటనలో నాలుగో నిబంధన చూడండి: కథ తెలుగు సంస్కృతీ సంప్రదాయాలను ప్రతిబింబించాలి. ఇందులో సంస్కృతి ఎక్కడుంది అన్నారు మిగతా ఇద్దరు జడ్జీలు. పది నిమిషాలు వాదించి, అలిసిపోయి, సరేనన్నాను. ఆ సరే అన్నందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను.

ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. మన సంఘాలేవీ ఇంకా పుట్టని రోజుల్లో, 1952లో, న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి మన తెలుగు కథకి వచ్చింది. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'. నియమాలూ సిద్ధాంతాలూ పెట్టుకుని బతికిన ఒక పెద్దమనిషి, తుఫాను రాత్రి రైల్వే స్టేషన్లో ఒక ముష్టిమనిషి పక్కన చేరి వణికిపోతాడు. తనని గురించి తాను అనుకున్నదంతా ఆ రాత్రి కూలిపోతుంది. అమెరికా గడ్డ మీద తెలుగు కథకి దక్కిన మొదటి గౌరవాల్లో ఒకటి అలాంటి కథకి దక్కింది. అదే కథ మన పోటీకి వస్తే నాలుగో నిబంధన దగ్గర ఆపేసేవాళ్ళం. నేనూ అందులో ఉండేదాన్ని.

ఉగాది రాత్రికి వస్తాను. భోజనం చెయ్యబుద్ధి కాక పార్కింగ్ లాట్‌కి వెళ్ళిపోయాను. ఆ అబ్బాయి కారు దగ్గర ఒక్కడే ఉన్నాడు. "సారీ నాన్నా, అలా ఒక్క ముక్కలో చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను. "పర్లేదు ఆంటీ, నిజమే కదా, అందరూ రాసేదే" అన్నాడు. వాళ్ళ నాన్నగారు నిరుడు పోయారని అప్పుడు తెలిసింది. ఎందుకడిగానో తెలియదు గానీ అడిగాను. "నిజంగానే ఫ్లైట్ దొరకలేదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "ఫ్లైట్లున్నాయి ఆంటీ. నాకే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ లేదు. వెళ్తే కాన్సులేట్‌లో డేటు దొరక్క అక్కడే ఇరుక్కుపోతానేమో, ఉద్యోగం పోతుందేమోనని భయం. మా ఆవిడ ఏడో నెల." అంత్యక్రియలు ఫోన్‌లో చూశాడట. పెద్దపాప లేస్తుందని బాత్రూంలో కూర్చుని, సౌండ్ తగ్గించి. అక్కడ చిన్నాన్న కొడుకు ఫోన్ పట్టుకున్నాడు. జనం తోసుకుంటుంటే కెమెరా కిందకి తిరిగిపోయింది. నాలుగు నిమిషాలు నాన్న కనబడలేదు. కాళ్ళు కనబడ్డాయి, బురద కనబడింది, ఎవరిదో పట్టీ తెగిన చెప్పు కనబడింది. "పైకెత్తరా, పైకెత్తరా అని అరుస్తూనే ఉన్నాను ఆంటీ. తర్వాత చూసుకుంటే మ్యూట్‌లో ఉన్నాను."

"ఇదెందుకు రాయలేదు?" అన్నాను. "కథలో బాగుండదేమో అనుకున్నాను. పైగా మా అమ్మ చదువుతుంది."

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

1998 మార్చిలో మా తమ్ముడు తెనాలి నుంచి ఫోన్ చేశాడు. నాన్న నిద్రలోనే పోయారు. అప్పటికి మా గ్రీన్ కార్డు అప్లికేషన్లు పెండింగులో ఉన్నాయి. అడ్వాన్స్ పెరోల్ కాగితం, అంటే వెళ్ళి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి, చేతిలో లేకుండా దేశం దాటితే అప్లికేషన్ వదులుకున్నట్టే. హెచ్ వీసా వాళ్ళకి ఆ విషయంలో సడలింపు వచ్చింది 1999లో, మాకు పనికిరాలేదు. ఆయన, లాయరు, నేను కిచెన్లో స్పీకర్‌ఫోన్ చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నాం. కాగితం వచ్చాకే వెళ్ళాలని నిర్ణయించుకున్నాం. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. నేనే తలూపాను. తమ్ముడికి ఫోన్ చేసి, "ఫ్లైట్లు దొరకడం లేదురా" అన్నాను. చెన్నైలో దిగి రైల్లో తెనాలి చేరేసరికి పదకొండో రోజు. వాకిట్లో షామియానా ఉంది. అమ్మ నన్ను చూసి, "ఎంత తిప్పలు పడ్డావే తల్లీ టికెట్ కోసం" అంది.

అమ్మ పోయేదాకా ఆ మాటే నమ్మింది. ఎవరడిగినా, "పాపం దానికి ఫ్లైట్ దొరకలేదు" అని నా తరఫున తనే చెప్పేది.

తిరిగొచ్చాక ఆ దుఃఖమంతా కథ రాశాను. ఆ కథలోనూ ఫ్లైట్ దొరకలేదు. సావనీరులో అచ్చయింది. చదివి ఏడ్చామని ఎంతోమంది ఫోన్లు చేశారు. ఆ తర్వాతి ఇండియా ప్రయాణాల్లో ఒకసారి శ్రీకాకుళం వెళ్ళి, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం చూసి, ఆ సావనీరు అక్కడ ఇచ్చి వచ్చాను. తెలుగు కథలన్నీ ఒకచోట దాచాలని ఆయన కట్టిన ఇంట్లో నా అబద్ధం కూడా ఒక బీరువాలో ఉంది.

ఈ 17 కథల్లో ఎన్నింటిలో నిజంగా ఫ్లైట్ దొరకలేదో నాకు తెలియదు. కానీ నా కన్ను ఎందుకు తడవలేదో ఇప్పుడు తెలుస్తోంది. మనమందరం ఒకే చోట ఆగిపోతున్నాం. ఇక్కడ మనం పడే పాట్లు అక్కడివాళ్ళకి తెలియకూడదన్న పరువు ఒకటి ఉంది. అది మొదట ఫోన్‌లో ఉండేది, "బానే ఉన్నామమ్మా" అనే మాటలో. అది మెల్లగా కథలోకి వచ్చేసింది. పొట్లక్‌లో కూర్చుంటే మనం మాట్లాడుకునేది ఏమిటి? ఉద్యోగం పోయినవాడు, ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాల్సిన 60 రోజులు లెక్కపెట్టుకోవడం. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అనే లెక్కలో పడి కదలని గ్రీన్ కార్డు లైను. రెండేళ్ళప్పుడు వచ్చిన పిల్ల 21 నిండగానే డిపెండెంట్ వీసాలోంచి పడిపోతుందన్న టెన్షన్. పార్కింగ్ లాట్లలో గొంతు తగ్గించి చెప్పుకునేది ఇవే. కథ రాయడానికి కూర్చోగానే అన్నీ పక్కకి పెట్టి మామిడిచెట్టు దగ్గరికి వెళ్ళిపోతాం.

మామిడిచెట్టు మీద నాకు కోపం లేదు. మా తెనాలి ఇంటి పెరట్లోనూ ఉండేది. దాని పేరు చెప్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కార్యవర్గాన్నీ తప్పుపట్టడం లేదు. వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు పెట్టుకుని ఇదంతా నడిపిస్తున్నారు. పదిన్నరకి స్కూలు ఆడిటోరియం తాళాలు అప్పగించాలి. మా అమ్మాయి అదే స్టేజి మీద ఎనిమిదేళ్ళు డాన్సులు చేసింది, నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఇదంతా తెలిసే అడుగుతున్నాను.

వచ్చే ఏడాది ప్రకటనలోంచి ఆ నాలుగో నిబంధన తీసేయండి. సంస్కృతిని మనం తెచ్చి కథలో పెట్టక్కర్లేదు. చెత్తడబ్బా పక్కన వానలో నిలబడ్డ ఆవిడ తెలుగులోనే కదా ఆలోచిస్తోంది. బహుమతి డబ్బు తగ్గించినా సరే, భోజనాలకి ముందు అరగంట ఇవ్వండి. ప్రైజ్ వచ్చిన కథని రాసినవాళ్ళ గొంతుతో చదివించండి. శాలువా లేకపోయినా ఫరవాలేదు. ఈసారి రాసిన 43 మందినీ వేడుకుంటున్నాను, మీ కథల్లో మీరు దాచిన ముక్క ఏదో ఒకసారి వెతుక్కుని చూడండి. అమ్మ చదువుతుందని భయమైతే నాకు పంపండి, నేను ఒక్కదాన్నే చదువుతాను.

ఆ అబ్బాయి కథ తిరిగి రాస్తున్నాడు. బాత్రూంలో మొదలుపెట్టానని మెసేజ్ పెట్టాడు. చెత్తబండి కథ రాసిన అమ్మాయికి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పి, క్షమించమన్నాను. అచ్చుతప్పులు కలిసి కూర్చుని దిద్దుకుందాం అనుకున్నాం. దీపావళి సంచికలో ఆ ఇద్దరికీ, వీలైతే నాకూ, నాలుగేసి పేజీలు ఇవ్వమని సంపాదకులని అడుగుతున్నాను. నేను ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను.

"ఆ రోజు ఫ్లైట్‌లో సీట్లున్నాయి."