పక్క కుర్చీలో వీణల పనివాడు

రకరకాల కళలవాళ్లు, పనులవాళ్లు కలుసుకునే 'నెట్‌వర్కింగ్' పరిచయ సభలకు వెళ్తే కార్డులు పంచుకోవడం, సమోసా తినడం తప్ప ఒరిగేదేమీ లేదని ఒక వ్యాసంలో చదివాను. సగం నిజమే. విజయనగరంలో నేను వెళ్లిన మొదటి రెండూ అలాగే పోయాయి. మూడోసారి పక్క కుర్చీలో కూర్చున్నాయన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు. నేనేమో పెళ్లిళ్లకు సౌండు, రికార్డింగు చూసుకునేవాణ్ని. ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు కాబట్టి ఏకాండి వీణ అంటారట. ఆయన చెబుతుంటే నా ధ్యాసంతా ఆ తొలిచే చప్పుడు మీదే.

తర్వాతి ఆదివారం మైకు పట్టుకుని వాళ్ల ఊరు పోయాను. దుంగ నిండుగా ఉన్నప్పుడు ఉలి దెబ్బ టక్కుమంటుంది. లోపల బోలుగా అయ్యేకొద్దీ అదే దెబ్బ గుమ్మంటుంది. ఆ సభలోనే పరిచయమైన టీచరమ్మ రాసిన పిల్లల ఆడియో కథకి ఆ చప్పుళ్లనే తాళంగా వాడాం.

డబ్బు దగ్గరే తేడా వచ్చింది. ఒకరు కథ కొంటామన్నారు, ముగ్గురి వాటాలు ఎంతో ముందు అనుకోలేదు. మొహమాటంతో నెలరోజులు ఒకరి ఫోను ఒకరం ఎత్తలేదు. చివరికి టీచరమ్మే తెల్లకాగితం మీద రాసి అందరి చేతా సంతకాలు పెట్టించారు. ఆ పని మొదటి రోజే చెయ్యాల్సింది.

నిర్వాహకులకు ఒక్క మాట. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. బ్యానరు మీద 'నెట్‌వర్కింగ్ మీట్' అని రాస్తే మృదంగం వాయించేవాళ్లు తమకు కాదనుకుని గుమ్మం దగ్గర నుంచే వెళ్లిపోతున్నారు. తెలుగులో రాయండి బాబూ.