మహారాజశ్రీ కాంబోబాక్స్ గారికి విన్నపం

మహారాజశ్రీ కాంబోబాక్స్ గారి సముఖమునకు, విండోస్ ఫారమ్స్‌లో (విండోస్ తెరల మీద గడులు, బటన్లు పేర్చే మైక్రోసాఫ్ట్ వారి సరంజామా) అప్లికేషన్లు రాసుకుని బతికే మేమందరం నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేం క్షేమం. బిల్డ్ అయ్యేదాకా క్షేమమే. రన్ చేశాక సంగతి తమకు తెలియంది కాదు.

తమరు చూడ్డానికి ఎంత సాధువు! తెల్లటి గడి, పక్కన చిన్న బాణం. నొక్కితే జాబితా దిగుతుంది, ఎంచుకోగానే ముడుచుకుంటుంది. టూల్‌బాక్స్‌లోంచి లాగి ఫారం మీద వదిలినవాడెవడైనా రెండు నిమిషాల పనే అనుకుంటాడు. ఆ రెండు నిమిషాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా ప్రధాన ఫిర్యాదు ఒక్కటే. తమ ఎంపిక మారిన ప్రతిసారీ సెలెక్టెడ్‌ఇండెక్స్‌ఛేంజ్డ్ అనే ఈవెంట్‌తో దండోరా వేస్తారు. మార్చిందెవరో మాత్రం చెప్పరు. మౌస్ పట్టుకున్న మనిషి మార్చాడా, మా కోడ్ మార్చిందా, జాబితా నింపుతుంటే తమంతట తామే మార్చుకున్నారా? మూడింటికీ ఒకటే డప్పు. మిగతా ఫిర్యాదుల్లో సగం దీనికి పుట్టినవే.

ఉదాహరణకు జిల్లాల పట్టిక. డేటాబేస్ నుంచి తెచ్చి తమకు డేటాసోర్స్‌గా, అంటే జాబితాకు మూలంగా, అప్పగిస్తాం. ఆ తర్వాతి లైన్లో డిస్‌ప్లేమెంబర్ (తెర మీద చూపాల్సిన కాలమ్), దాని కింద వాల్యూమెంబర్ (వెనక దాచుకోవాల్సిన ఐడీ కాలమ్). చదవడానికి ఈ వరస బాగానే ఉంటుంది. కానీ డేటాసోర్స్ చేతిలో పడిన క్షణంలోనే తమరు మొదటి వరసను ఎంచేసుకుని ఈవెంట్ పేల్చేస్తారు. అప్పటికి వాల్యూమెంబర్ ఏదో తమకింకా తెలియదు. అందుకని సెలెక్టెడ్‌వాల్యూ అడిగితే జిల్లా నంబరు బదులు డేటారోవ్యూ ఆబ్జెక్టును, అంటే ఆ వరసను మొత్తంగా, ఎత్తి ఇస్తారు. ఈవెంట్‌లో దాన్ని ఇంటీజర్‌గా మార్చబోయిన మా కోడ్, డేటారోవ్యూను ఐకన్వర్టిబుల్‌గా (అంకెగా మార్చదగ్గ రకంగా) మార్చడం కుదరదంటూ అక్కడే కూలబడుతుంది. ఫారం తెరిచినవాడు ఇంకా దేన్నీ ముట్టుకోలేదు, ఎర్రర్ మాత్రం వచ్చేసింది. మందు తేలికే: ముందు డిస్‌ప్లేమెంబర్, తర్వాత వాల్యూమెంబర్, అన్నిటికంటే చివర డేటాసోర్స్. ఇక డిస్‌ప్లేమెంబర్ ఇవ్వడమే మరచిపోతే, తమ జాబితాలో ప్రతి జిల్లా పేరూ సిస్టమ్ డాట్ డేటా డాట్ డేటారోవ్యూయే.

సరే, వరస సరిచేశాం. అయినా తమకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. డేటాసోర్స్ ఇవ్వగానే ఇండెక్స్ సున్నా మీద, అంటే మొదటి వరస మీద, ఎక్కి కూర్చుంటారు. తెలంగాణలో ఇప్పుడు 33 జిల్లాలు. అక్షరక్రమంలో ముందుండేది ఆదిలాబాద్. హడావుడిగా ఫారాలు నింపే ఆపరేటర్ జిల్లా గడిని ముట్టుకోకుండా ట్యాబ్ కొట్టుకుంటూ పోతే తమరు అభ్యంతరం చెప్పరు, సేవ్ బటనూ చెప్పదు. అలాంటి సాఫ్ట్‌వేర్ ఒక ఏడాది నడిస్తే, దాని లెక్క ప్రకారం రాష్ట్రంలో సగం జనం ఆదిలాబాద్‌లో కాపురముంటున్నట్టే.

అందుకని డేటాసోర్స్ ఇచ్చాక సెలెక్టెడ్‌ఇండెక్స్‌ను -1 చేస్తాం. -1 అంటే ఏదీ ఎంచుకోలేదని. ఇది మాకు నచ్చిన సంగతే, సేవ్ చేసేటప్పుడు -1 ఉంటే ఆపేస్తే సరిపోతుంది. కానీ టైపు చేయనివ్వకుండా జాబితాలోంచే ఎంచుకోనిచ్చే డ్రాప్‌డౌన్‌లిస్ట్ శైలిలో ఒకసారి ఏదో ఒకటి ఎంచుకున్న మనిషికి మళ్లీ -1కి వెళ్లే దారి తమరు పెట్టలేదు. ఐచ్ఛికమైన గడికి పైన ఒక ఖాళీ వరస కలపాల్సిందే. దానికి కొందరు "-- ఎంచుకోండి --" అని పేరు పెట్టి, ఐడీ సున్నా ఇస్తారు. టేబుల్‌లో ఫారిన్ కీ (జిల్లాల పట్టికలో లేని ఐడీని రానివ్వని కట్టుబాటు) ఉంటే సేవ్ చేసేటప్పుడు తిడుతుంది, అది అదృష్టం. లేకపోతే "ఎంచుకోండి" కూడా ఒక జిల్లాయే. దాని జనాభా పెరుగుతూ ఉంటుంది.

ఇండెక్స్ మాట వచ్చింది కాబట్టి, తప్పు తమది కాకపోయినా ఒక సంగతి తమ దృష్టికి తేవాలి. ఐడీ బదులు తమ ఇండెక్స్‌నే డేటాబేస్‌లో రాసుకునే వీరులు మాలో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలున్నప్పుడు ఇంగ్లిష్ అక్షరక్రమంలో సున్నా అనంతపురం, ఒకటి చిత్తూరు. 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. కొత్త జాబితా అతికించగానే సున్నా అల్లూరి సీతారామరాజు జిల్లా, ఒకటి అనకాపల్లి. ఆ రెండు రాయలసీమ జిల్లాల వాళ్లంతా ఒక్క అప్‌డేట్‌తో ఉత్తరాంధ్ర చేరిపోయారు, సామాన్లు కూడా సర్దుకోకుండా. తెలంగాణలోనూ అంతే, 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. వరస సంఖ్య జాబితాది, ఐడీ జిల్లాది. డేటాబేస్‌లోకి వెళ్లాల్సింది ఐడీయే. జిల్లాల పేర్లు కోడ్‌లో రాయకుండా టేబుల్‌లో పెట్టుకుంటే జీవో వచ్చిన రోజు మళ్లీ బిల్డ్ చేసే పని కూడా తప్పుతుంది.

ఈ జబ్బు పాతది. 1998 నాటి వీబీ6 (విజువల్ బేసిక్ 6)లో తమ పూర్వావతారానికి ఐడీ దాచుకోవడానికి ఐటమ్‌డేటా అనే పక్క అర ఉండేది. సార్టెడ్ (అక్షరక్రమం) పెట్టి, కొత్త ఐటమ్ చివర్లోనే చేరుతుందని నమ్మి లిస్ట్‌కౌంట్‌లో (ఐటమ్‌ల సంఖ్యలో) ఒకటి తగ్గించి ఐటమ్‌డేటా రాసినవాళ్ల పేర్లు ఒక చోట, ఐడీలు ఇంకో చోట పడేవి. కొత్త ఐటమ్ ఎక్కడ చేరిందో చెప్పే న్యూఇండెక్స్ దానికోసమే ఉందని చాలామందికి ఆలస్యంగా తెలిసేది.

మళ్లీ దండోరా దగ్గరికి వద్దాం. జిల్లా మారితే మండలాలు నింపాలి, మండలం మారితే గ్రామాలు నింపాలి. జిల్లాల జాబితా నింపగానే తమరు ఈవెంట్ పేలుస్తారు, మండలాల క్వెరీ (సర్వర్‌ను డేటా అడిగే ప్రశ్న) వెళ్తుంది. మండలాలు నిండగానే ఇంకో ఈవెంట్, గ్రామాల క్వెరీ. పాత రికార్డు తెరిచి జిల్లా, మండలం, గ్రామం వరసగా పెడుతుంటే ఇదే జాతర మళ్లీ మొదలు. చివరికి సర్వర్ మీద పడ్డ క్వెరీలు ఎన్నో, వాటిలో పనికొచ్చినవి ఎన్నో లెక్క చూస్తే ఏడుపొస్తుంది. నింపే ముందు ఒక బూలియన్ (అవును-కాదు) జెండా ఎత్తి, ఈవెంట్‌లో మొదటి లైన్‌లోనే దాన్ని చూసి వెనక్కి తిరగడం మా నాటువైద్యం. జెండా దించే లైన్ ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే ఫైనలీ బ్లాక్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో ఒక ఎర్రర్ వచ్చిన రోజు నుంచి జిల్లా మార్చినా మండలాలు కదలవు. మనిషి మార్చినప్పుడే మోగే సెలెక్షన్‌ఛేంజ్‌కమిటెడ్ అనే ఇంకో ఈవెంట్ తమ దగ్గర ఉంది, కాదనం. కానీ తమ అమరికను బట్టి, మనిషి ఎలా ఎంచుకున్నాడన్నదాన్ని బట్టి అది ఒక్కోసారి మోగకపోవచ్చని మైక్రోసాఫ్ట్ వారి పత్రాల్లోనే రాసి ఉంది. డ్రాప్‌డౌన్‌లిస్ట్ శైలిలో దాన్ని వాడుకుంటాం. టైపు చేయనిచ్చే శైలిలో మాత్రం దాని మీద బరువు పెట్టం.

అసింక్‌లో, అంటే జవాబు కోసం ఫారాన్ని ఆపకుండా, మండలాలు తెస్తే ఇంకో తిరకాసు. మనిషి నల్లగొండ ఎంచుకుని, వెంటనే మనసు మార్చుకుని ఖమ్మం నొక్కాడు. ఖమ్మం జవాబు ముందొచ్చింది, నల్లగొండ జవాబు తర్వాత వచ్చి దాని మీద పడింది. తమ పై గడిలో ఖమ్మం, కింది గడిలో మిర్యాలగూడ. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. జవాబు చేతికి రాగానే, ఇది అడిగిన జిల్లాయే ఇప్పటికీ పై గడిలో ఉందా అని ఒక్కసారి చూసి, కాకపోతే ఆ జవాబు పారేయాలి. ఒక్క ఇఫ్‌తో పోయేదానికి మండలాలు తప్పుగా వస్తున్నాయన్న ఫిర్యాదు నెలల తరబడి తిరుగుతుంది, ఎందుకంటే డెవలపర్ టేబుల్ మీద ఎప్పుడు చూసినా సరిగ్గానే వస్తాయి. అక్కడ సర్వర్ పక్కనే ఉంటుంది కదా.

తమ కీబోర్డు మర్యాద గురించి కూడా చెప్పాలి. ముడుచుకుని ఉన్నప్పుడు కూడా కింది బాణం నొక్కిన ప్రతిసారీ ఎంపిక ఒక మెట్టు దిగుతుంది, ఈవెంట్ ఒకసారి మోగుతుంది. పది మెట్లు దిగితే పది క్వెరీలు. ఆల్ట్‌తో కింది బాణం గానీ ఎఫ్4 గానీ నొక్కితే జాబితా తెరుచుకుంటుందని వాడేవాళ్లకు చెప్పాలి, లేదా మూడొందల మిల్లీసెకన్లు ఆగి చూసే టైమర్ ఒకటి పెట్టుకోవాలి.

మౌస్ చక్రం సంగతి ఇంకా ఘోరం. జిల్లా ఎంచుకున్నాక ఫోకస్ తమ దగ్గరే ఉండిపోతుంది. పొడవాటి ఫారాన్ని కిందికి జరుపుదామని మనిషి చక్రం తిప్పుతాడు. ఫారం కదలదు, తమరు కదులుతారు. వరంగల్ కాస్తా వికారాబాద్ అయి ఉంటుంది, అతని చూపు అప్పటికే సేవ్ బటన్ మీద ఉంటుంది. మౌస్‌వీల్ ఈవెంట్ పట్టుకుని, వచ్చిన ఆర్గ్యుమెంట్‌ను హ్యాండిల్డ్‌మౌస్‌ఈవెంట్‌ఆర్గ్స్‌గా మార్చి, డ్రాప్డ్‌డౌన్ ఫాల్స్ అయినప్పుడు (జాబితా ముడుచుకుని ఉన్నప్పుడు) హ్యాండిల్డ్‌ను ట్రూ చేస్తే తమ చేతులు కట్టేసినట్టే. ప్రతి డేటా ఎంట్రీ ఫారంలో ఈ రెండు లైన్లు ఉండి తీరాలని మా అభిప్రాయం.

శాశ్వత చిరునామాకు ఒక జిల్లా గడి, ప్రస్తుత చిరునామాకు ఇంకొకటి. జాబితా ఒకటే కదా అని ఒకే డేటాటేబుల్‌ను ఇద్దరికీ ఇస్తే, ఒకరు కదిలితే ఇంకొకరూ కదులుతారు. ఫారంలో గడులకూ డేటాకూ లంకె చూసుకునే బైండింగ్‌కాంటెక్స్ట్ ఒక డేటాసోర్స్‌కు ఒకే కరెన్సీమేనేజర్‌ను, అంటే ఒకే ప్రస్తుత స్థానాన్ని పెట్టుకోవడం దీనికి కారణం. ఒక్కో గడికి మధ్యవర్తిగా ఒక్కో బైండింగ్‌సోర్స్ ఇస్తే ఎవరి దారి వారిది.

సెలెక్టెడ్‌ఐటమ్‌కు ఒక ఆబ్జెక్టు ఇస్తే తమరు ఈక్వల్స్ అనే పోలికతో వెతుకుతారు. డేటాబేస్ నుంచి మళ్లీ తెచ్చిన ఆబ్జెక్టు, ఐడీ అదే అయినా, తమ దృష్టిలో పరాయిది. దొరకలేదని చెప్పరు, పాత ఎంపికను అలాగే ఉంచి మౌనం పాటిస్తారు. దానికంటే సెలెక్టెడ్‌వాల్యూ నయం, దొరక్కపోతే కనీసం -1 అవుతారు. ఇక మామూలు లిస్ట్‌కు కొత్త ఐటమ్ కలిపితే తమకు కబురే అందదు. అదే లిస్ట్‌ను మళ్లీ డేటాసోర్స్‌గా ఇస్తే, పాతదే కదా అని లేవరు. మధ్యలో ఒకసారి నల్ (శూన్యం) ఇచ్చి లేపుదామంటే ఆ నల్‌తో పాటు డిస్‌ప్లేమెంబర్ కూడా చెరిపేసుకుంటారు. అందుకే మొదటి నుంచీ మార్పు జరగ్గానే కబురు పంపే బైండింగ్‌లిస్ట్ వాడటం మంచిది.

సుమారు 600 మండలాలున్న జాబితాను ఒకేసారి తమ నెత్తిన పెట్టడం మా అన్యాయమే. ఆటోకంప్లీట్ (కొట్టిన అక్షరాలను బట్టి పేర్లు సూచించేది) పెట్టామనుకోండి, తమరు పేరు మొదలు నుంచే చూస్తారు. "పేట" అని కొడితే సూర్యాపేట రాదు. ఇంత పెద్ద జాబితాకు ఒక టెక్స్ట్‌బాక్స్, కింద వడపోసిన లిస్ట్‌బాక్స్ పెట్టి తమకు సెలవిప్పించడమే న్యాయం.

లిస్ట్‌బాక్స్ అంటే గుర్తొచ్చింది. తమరిద్దరూ లిస్ట్‌కంట్రోల్ సంతానమే, అన్నదమ్ములే. లిస్ట్‌బాక్స్‌లో ఎంచుకున్న ఐటమ్స్ తీసేయడానికి పైనుంచి కిందికి లూప్ తిప్పితే, ఒకటి తీయగానే కిందివన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి, పక్కపక్కనే ఉన్న రెండింటిలో రెండోది తప్పించుకుంటుంది. కౌంట్‌లో ఒకటి తగ్గించి అక్కణ్నుంచి సున్నా దాకా వెనక్కి రావాలి. లిస్ట్‌బాక్స్ కొడుకు చెక్డ్‌లిస్ట్‌బాక్స్ ఇంకా తొందరమనిషి. టిక్కు పడకముందే ఐటమ్‌చెక్ మోగిస్తాడు. ఆ ఈవెంట్‌లో చెక్డ్‌ఐటమ్స్ లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి తేడా. కొత్త స్థితి న్యూవాల్యూలో ఉంటుంది, లేదా లెక్కను బిగిన్‌ఇన్వోక్‌తో కాస్త వాయిదా వేయాలి. పైగా చెక్‌ఆన్‌క్లిక్ పెట్టకపోతే మొదటి క్లిక్‌కు వరస వెలుగుతుంది, టిక్కుకు రెండోది కావాలి. సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదని ఫోన్ వచ్చేది అప్పుడే.

డబ్ల్యూపీఎఫ్‌లో (మైక్రోసాఫ్ట్ వారి ఇంకో తెరల సరంజామా) ఉంటున్న తమ జ్ఞాతి అయితే దండోరాను గడప దాటిస్తాడు. ట్యాబ్‌కంట్రోల్ లోపల ఆయన ఎంపిక మారితే సెలెక్షన్‌ఛేంజ్డ్ పైకి పాకి, ట్యాబే మారిందనుకుని ట్యాబ్ హ్యాండ్లర్ కూడా నడుస్తుంది. ఆరిజినల్‌సోర్స్ (ఈవెంట్ పుట్టిన చోటు) ట్యాబ్‌కంట్రోలేనా అని చూడకుండా అందులో ఒక్క లైన్ కూడా రాయకూడదు.

ఇట్లు,
తమ ఈవెంట్లకు జవాబు రాసుకుంటూ బతికే
విధేయులు

తా.క. విండోస్ ఫారమ్స్‌కు పునాది అయిన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో తమ డీఫాల్ట్ ఫాంట్ మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్, సైజు 8.25. అందులో తెలుగు అక్షరాలు లేవు. విండోస్ అరువు తెచ్చిన ఫాంట్‌తో నెట్టుకొస్తుంది, కాబట్టి గడి ఎత్తు సరిపోయిందో లేదో కింద వత్తులున్న పేర్లతో ఒకసారి చూసుకోవాలి. ఫాంట్‌ను విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐకి మార్చి, పొడవైన పేరు వెడల్పును టెక్స్ట్‌రెండరర్‌తో కొలిచి, స్క్రోల్‌బార్ వెడల్పు కలిపి డ్రాప్‌డౌన్‌విడ్త్‌కు ఇస్తే "పొట్టి శ్రీరాములు నెల్లూరు" చివరిదాకా కనిపిస్తుంది.