వరుసలో ఉన్నవారి సమయం

సెలవులు దగ్గర పడుతున్న కొద్దీ బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లలు వినోద పార్కుకు ఎప్పుడు తీసుకెళతారని అడగడం మొదలుపెడతారు. 2024లో భువనేశ్వర్ సమీపాన, ఖుర్దా జిల్లాలో వండర్లా ప్రారంభమయ్యాక, అంతవరకు ఇలాంటి పార్కు కోసం హైదరాబాదు దాకా వెళ్లవలసి వచ్చిన మన కుటుంబాలకు దూరం బాగా తగ్గింది. కానీ ఏ పార్కులోనైనా సెలవు రోజున రైడ్ ముందు నిలబడే సమయం మాత్రం తగ్గేది కాదు.

ఆ నిరీక్షణను తప్పించుకోవడానికే పాసులు వచ్చాయి. మామూలు ప్రవేశ రుసుముపైన మరికొంత, కొన్ని చోట్ల దాదాపు మరో టికెట్టంత సొమ్ము కడితే, పక్కనున్న వేరే దారిలో నేరుగా రైడ్ దాకా వెళ్లవచ్చు. స్తోమత ఉన్నవారు కొనుక్కోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. చంటిపిల్లలతోనో, ఎక్కువసేపు నిలబడలేని పెద్దవారితోనో వచ్చినవారికి అది నిజంగా ఆసరా. ఆ పాసులు ఎన్ని అమ్ముతున్నారో, వాటివల్ల మామూలు వరుస ఎంత ఆలస్యమవుతుందో టికెట్టు కొనేవారికి ముందుగా చెప్పకపోవడమే మా అభ్యంతరం.

గజపతి జిల్లా నుంచి రాత్రి బస్సెక్కి ఒక పార్కుకు వెళ్లివచ్చిన కుటుంబం తమ అనుభవాన్ని మా దృష్టికి తెచ్చింది. ఇనుప కమ్మీల మధ్య మెలికలు తిరిగిన వరుసలో వారు నిలబడ్డారు. పక్క దారి చాలాసేపు ఖాళీగానే కనిపించింది. అయితే బండి వచ్చి ఆగినప్పుడల్లా సిబ్బంది ముందుగా ఆ దారి గొలుసే తీసేవారు. పాసులవారు కూర్చోగా మిగిలిన సీట్లకే ఇటువైపు వారిని పిలిచేవారు. నాలుగో తరగతి చదివే పిల్లవాడు బళ్లు లెక్కపెట్టి, "మన లైను కదలదేటి నాన్నా?" అని అడిగాడట. సాయంత్రం తిరుగు బస్సు వేళకు ఆ ఐదుగురూ ఎక్కగలిగినవి మూడు రైడ్లు. ప్రవేశ రుసుము మాత్రం పార్కులోని అన్ని రైడ్లకూ కలిపి కట్టినదే.

దీని లెక్క కష్టమైనదేమీ కాదు. 24 సీట్ల బండి రెండు నిమిషాలకొకటి చొప్పున బయల్దేరితే గంటకు 720 మంది ఎక్కగలరు. మన ముందు 300 మంది ఉంటే 25 నిమిషాలలో మన వంతు వస్తుంది. సీట్లలో సగం పాసులవారికి పోతే అదే 300 మంది వెనుక 50 నిమిషాలు ఆగాలి. పాసు అమ్మినందువల్ల బండికి ఒక్క సీటు కూడా పెరగదు కనుక, ఒకరికి మిగిలిన సమయం మరొకరు అదనంగా నిలబడి ఇచ్చినదే అవుతుంది. ఇంతకంటే ఆందోళన కలిగించే సంగతి మరొకటి ఉంది. మామూలు వరుస ఎంత పొడుగైతే పాసుకు అంత గిరాకీ పెరుగుతుంది కాబట్టి, వరుసను తగ్గించవలసిన యాజమాన్యానికే అది పెరగడంలో లాభం కనిపించే పరిస్థితి ఏర్పడుతుంది.

మొదట్లో ఈ ఏర్పాటు ఇలా ఉండేది కాదు. అమెరికాలోని డిస్నీ పార్కులు 1999లో ఫాస్ట్‌పాస్ ప్రవేశపెట్టినప్పుడు దానికి వేరే రుసుము లేదు. ప్రవేశ టికెట్టును యంత్రంలో పెడితే, ఏ గంటలో తిరిగి రావాలో అచ్చువేసిన చీటీ వచ్చేది. ఆలోగా నీడన కూర్చోవచ్చు, తినవచ్చు, మరో రైడ్ చూసుకోవచ్చు. 2021లో ఆ ఉచిత పద్ధతిని ఎత్తివేసి, ఫ్లోరిడాలో మనిషికి రోజుకు 15 డాలర్లతో మొదలుపెట్టి రుసుము వసూలు చేయసాగారు.

ఈ రెండు పద్ధతుల తేడాను మన పాఠకులకు ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. తిరుపతిలో సర్వదర్శనానికి ఉచితంగా ఇచ్చే టైమ్‌స్లాట్ టోకెన్లూ, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లూ మనకు పరిచయమే. దైవదర్శనాన్నీ వినోదాన్నీ మేము ఒకే గాట కట్టడం లేదు. డబ్బు కట్టనివారికి కూడా రావలసిన వేళ ముందే చెప్పవచ్చునని, అంత రద్దీలోనే అది సాధ్యమవుతోందని గుర్తుచేస్తున్నాము. రోజుకు కొన్ని వేల మంది వచ్చే పార్కుకు ఇది అసాధ్యమని చెబితే నమ్మడం కష్టం.

కాబట్టి పార్కులు ప్రవేశ టికెట్టు కొన్న ప్రతి ఒక్కరికీ, ఎక్కువ రద్దీ ఉండే రెండు మూడు రైడ్లకైనా ఉచితంగా వేళ కేటాయించాలి. ఆ తరువాతే పాసుల అమ్మకం, అది కూడా ఒక్కో రైడ్‌లో ఇన్ని సీట్లకు మించకుండా జరగాలి. ఆ సంఖ్యనూ, ప్రస్తుతం ఏ రైడ్‌కు ఎంతసేపు పడుతుందో ఆ వివరాన్నీ ప్రవేశ టికెట్ల కౌంటరు దగ్గరే ఒడియాతోపాటు తెలుగులోనూ రాసిపెట్టాలి. గంజాం, గజపతి జిల్లాల నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చేవారి సొమ్ము తీసుకుంటున్నప్పుడు వారి భాషలో నాలుగు వాక్యాలు రాయడం భారం కాదు. ఎత్తు కొలిచే గీత కూడా అక్కడే ఉండాలి. పాసు కొన్నాక, రైడ్ గుమ్మం దాకా వెళ్లాక, పిల్లవాడి ఎత్తు చాలదని వెనక్కి పంపడం ఆ ఇంటిల్లిపాదికీ బాధాకరం.

విహారయాత్రకు వచ్చే బడిపిల్లల విషయం మరీ ముఖ్యం. యాభై అరవై మందిని వెంటబెట్టుకుని వచ్చే ఉపాధ్యాయులు అందరికీ పాసులు కొనలేరు, వరుసలోంచి ఎవరినీ విడిచి కదలలేరు. వారికి ఉదయం పూట ప్రత్యేకంగా ఒక గంట కేటాయించాలి. దివ్యాంగులకు ఇచ్చే సౌకర్యం డబ్బుతో ముడిపడకూడదు, దుర్వినియోగమూ కాకూడదు. సంపన్న కుటుంబాలు వరుస తప్పించుకోవడానికి దివ్యాంగులను కిరాయికి తెచ్చుకుంటున్నాయని వార్తలు వచ్చిన 2013లోనే డిస్నీ తన పద్ధతిని మార్చవలసి వచ్చింది.

కొనుగోలుదారుల చేతిలోనూ కొంత ఉంది. సేవ నాణ్యత, పరిమాణం, ధర తెలుసుకునే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇచ్చింది. లేని కొరతను చూపించి తొందరపెట్టడాన్నీ, చివర్లో అదనపు రుసుములు కలపడాన్నీ 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. ఆన్‌లైన్‌లో పాసు కొనేటప్పుడు అది ఏయే రైడ్లకు, ఎన్నిసార్లు, ఏ వేళల్లో చెల్లుతుందో ఉన్న పేజీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. చెప్పినది జరగకపోతే ముందు పార్కు కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అక్కడ పరిష్కారం దొరకనప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేసినప్పుడు ఆ ఫొటో, టికెట్టు రెండూ పనికివస్తాయి.